చిన్నాయన తొడలో గజం కడ్డీ

ఒక మనిషిని ముట్టుకోకుండా, చేత కత్తి పట్టకుండా, కడుపులోంచి పిక్క దాకా ఇనుప కడ్డీ దించిన ఘనత నాది. ఆ మనిషి పరాయివాడు కూడా కాదు. మా నాయనకు సొంత తమ్ముడు, చిన్నప్పుడు నన్ను భుజాల మీద ఎక్కించుకుని తిరునాళ్ళు చూపించినవాడు. నేను ఆ పని చేసిన రోజున ఆస్పత్రి వార్డులో సగం మంది మంచాలు దిగి పారిపోవడానికి సిద్ధమయ్యారు. దిగలేనివాళ్ళు పడుకున్నచోటే కేకలు పెట్టారు. ఇంత అనర్థం ఎట్లా జరిగిందంటారా? చదువుకున్నందువల్ల జరిగింది. చెబుతాను, నవ్వకుండా వినండి. నవ్వినా ఫరవాలేదు లెండి, ఆ రోజు నేను తప్ప నవ్వనివాళ్ళు ఎవరూ మిగల్లేదు.

ఎనభైల చివరి మాట. అనంతపురంలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో నేను కొత్తగా చేరిన లెక్చరర్ని. పేరు వసంత. ఆ ఊళ్ళో వసంతం అనేది నా పేరులో తప్ప ఇంకెక్కడా కనిపించేది కాదు. ఫిబ్రవరి దాటితే చాలు, జనమంతా బాణలిలో వేరుశనగ విత్తనాల్లా వేగేవాళ్ళం. ఊరంతా అట్లా వేగుతుంటే మా డిపార్టుమెంటులోని కంప్యూటర్ ఒక్కటే ఏసీ గదిలో పెళ్ళికొడుకులా చల్లగా కూర్చునేది. దుమ్ము పడుతుందని దాని గదికి కిటికీ కూడా లేకుండా మూసేశారు. చెప్పులు బయట విడిచి లోపలికి పోవాలి. మా హెడ్డుగారైతే గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగేవారు. దణ్ణం పెడుతున్నారేమోనని నా అనుమానం.

ఆ యంత్రంతో నేను చేసే పరిశోధన ఏమిటంటే, ఎక్స్‌రే మిషను లేకుండా ఎక్స్‌రే తీయడం. కంగారు పడకండి, చాలా తేలిక. ఎక్స్‌రే కిరణం తిన్నగా పోతుంది. మాంసంలోంచి సులువుగా దూరిపోతుంది, ఎముకలో కొంత ఆగిపోతుంది, ఇనుములో దాదాపు పూర్తిగా ఆగిపోతుంది. అంతే కదా? నేను తొడ ఎముకను ఒక బోరు పైపులా ఊహించి, దాని లావు, పొడవు, లోపలి బోలు అన్నీ అంకెల్లో కంప్యూటర్‌కు చెప్పేదాన్ని. ఎముక లోపల పెట్టే స్టీలు కడ్డీని ఇంకో సన్నటి పైపుగా చెప్పేదాన్ని. కంప్యూటర్ ఆ అంకెల ఎముక మీదికి అంకెల కిరణాలు వదిలి, ఒక్కో కిరణం అవతలికి ఎంత మిగిలిందో లెక్కకట్టేది. ఎక్కువ మిగిలిన చోట ప్రింటరు నల్లగా దట్టించి కొట్టేది, తక్కువ మిగిలిన చోట ఖాళీ వదిలేది. దూరం నుంచి చూస్తే అచ్చం ఎక్స్‌రే ఫిల్మే. దగ్గరికి వచ్చి చూస్తే చుక్కలూ నక్షత్రాలూ. అందుకే అందర్నీ దూరం నుంచే చూడమనేదాన్ని.

ఆ రోజుల్లోనే మా ఓబులేసు చిన్నాయన కాలు విరిగింది. చిన్నాయనది ధర్మవరం. గుంట మగ్గం మీద పట్టు చీరలు నేసేవాడు. హిందూపురంలో పట్టు కొనుక్కుని వస్తూ, బస్సు టాపు మీద నుంచి మూట దించబోయి, మూటతో పాటు తనూ దిగాడు. మూటకేమీ కాలేదు. చిన్నాయనకు కుడి తొడ ఎముక విరిగింది. అనంతపురం తెచ్చి ఒక నర్సింగ్‌హోములో చేర్పించారు. కాలికి తాడు కట్టి, తాడు చివర బరువులు వేలాడదీసి పడుకోబెట్టారు.

డాక్టరు రఘునాథ్ గారు నిదానస్తుడు. ఎముక లోపల స్టీలు కడ్డీ వేస్తే నిలుస్తుందనీ, వేయకపోతే ఎముక వంకరగా అతుక్కుని కాలు పొట్టిదవుతుందనీ చెప్పారు. గుంట మగ్గం నేసేవాడికి చేతులు ఎంతో కాళ్ళూ అంతే. గుంటలోకి కాళ్ళు దించి చెక్కలు తొక్కితేనే పట్టు పోగులు విడివడేది. ఒక కాలు పొట్టిదైతే చెక్క అందదు. చెక్క అందకపోతే మగ్గం ఆగిపోతుంది.

చిన్నాయనకు ఇదంతా తెలుసు. కానీ కడ్డీ పేరెత్తితే మాత్రం బిగుసుకుపోయేవాడు.

"ఇనుము లోపల పెడితే తుప్పు పట్టదా సార్?"

"పట్టదయ్యా, అది స్టీలు."

"వానలో తడిస్తే?"

"అనంతపురంలో వాన యాడ పడతాదప్పా?" అన్నాడు పక్క మంచం మీదున్న మస్తాన్ సాబ్. ఆయన గుంతకల్లులో రైల్వే ఉద్యోగి. చెయ్యి విరిగింది. ఆయనకూ లోపల స్టీలు పట్టీ వేయాల్సి ఉంది.

"నీకేమప్పా, నీది చెయ్యి. నాది కాలు," అన్నాడు చిన్నాయన. "సార్, గోరంట్ల పక్క ఎవురో కట్టు కడతాడంట. ఆకుపసరు పోసి, వెదురు దబ్బలు కట్టి పంపిస్తాడంట. ఆడికే పోతా."

మా రత్నమ్మ చిన్నమ్మ పమిట కొంగు నోట్లో కుక్కుకుంది. మగ్గం ఆగిపోతుందన్న భయం ఒక పక్క, మొగుడి ఒంట్లో ఇనుము దిగుతుందన్న భయం ఒక పక్క. నావైపు చూసింది. ఇంట్లో అంత చదువుకున్నదాన్ని నేనొక్కదాన్నే కదా! ఆ చూపుకు నాలో ఎక్కడ లేని పరోపకారం పొంగింది.

"చిన్నాయనా, నీకు కడ్డీ ఏసినాక నీ కాలు లోపల ఎట్లుంటాదో ఆపరేషన్‌కు ముందే ఎక్స్‌రే తీసి చూపిస్తా. చూసినాక నీ ఇష్టం," అన్నాను.

"ఇంకా ఏయని కడ్డీకి ఫోటో యెట్ల తీస్తావు పాపా?"

"కంప్యూటర్ తీస్తాది."

"అది తప్పు తీస్తే?"

"తప్పులు చేసేది మనుషులు చిన్నాయనా. కంప్యూటర్ చేయదు."

ఈ మాట నేను ఎంత గొంతుతో అన్నానంటే, చివరి మంచం మీద నిద్రపోతున్న ముసలాయన కూడా లేచి "ఎవురు చేయరంట?" అని అడిగాడు. మస్తాన్ సాబ్ ఆయనకు వివరంగా చెప్పాడు. ఆ విధంగా వార్డులో అందరికీ సంగతి తెలిసిపోయింది.

డాక్టరుగారికీ ఆసక్తి కలిగింది. చిన్నాయన కాలి ఎక్స్‌రే ఫిల్మ్ నాకిచ్చి, తాను వేయబోయే కడ్డీ పొడవూ లావూ చెప్పారు. "తీసుకురామ్మా, నాకూ చూడాలనే ఉంది," అన్నారు.

నేను ఫిల్మ్ మీద స్కేలు పెట్టి ఎముక కొలతలు తీసుకున్నాను. విరిగిన చోటు కూడా గీత పడేటట్టు చేర్చాను. బొమ్మ చిన్నదిగా ఉంటే చిన్నాయనకు అర్థం కాదని, కాలు పక్కన పెట్టి పోల్చుకునేటట్టు అసలు సైజులో ప్రింటు తీయాలని నిర్ణయించాను. చూడండి నా తెలివి! చిన్నదిగా తీసి ఉంటే తప్పు కూడా చిన్నదిగా కనిపించేది.

ప్రింటరు మొదలైంది. గర్ర్ గర్ర్ మంటూ ఒక్కో వరస కొట్టి, కాగితాన్ని వెనక్కి మడతలు మడతలుగా వదులుతోంది. సరిగ్గా మధ్య భాగం అచ్చయ్యేటప్పుడు దగ్గరికి వెళ్ళి చూశాను. బూడిదరంగు ఎముక, అందులో విరిగిన గీత, ఆ గీతను దాటుకుంటూ తెల్లగా, తిన్నగా, పాపిడి తీసినట్టు కడ్డీ! నా కళ్ళు చెమర్చాయి. పరుగెత్తుకుంటూ పోయి హెడ్డుగారికి చెప్పి, ఆయన చేత "భేష్" అనిపించుకుని తిరిగి వచ్చేసరికి, ప్రింటు అయిపోవడమూ కరెంటు పోవడమూ ఒకేసారి జరిగాయి.

కిటికీ లేని గది అని చెప్పాను కదా. నా చెయ్యి నాకే కనిపించలేదు. తడుముకుంటూ కాగితం చింపి, ఆ చీకట్లోనే చుట్టగా చుట్టేశాను. బయటికి వచ్చాక ఒకసారి విప్పి చూసుకోవచ్చు కదా అంటారు మీరు. చూసుకోవచ్చు. కానీ నా ఊహలో అప్పటికే చిన్నాయన మంచం చుట్టూ జనం మూగి ఉన్నారు, నేను చుట్ట విప్పుతున్నాను, అందరూ "ఆహా" అంటున్నారు. అట్లాంటి చుట్టను కాలేజీ వరండాలో ముందే విప్పేస్తే ముచ్చట ఏం మిగులుతుంది? పెళ్ళికూతురి తెర ముహూర్తానికి ముందే ఎవరైనా తొలగిస్తారా?

వార్డుకు పోయేసరికి నిజంగానే జనం మూగారు. మస్తాన్ సాబ్ కట్టు చెయ్యి పట్టుకుని లేచి వచ్చాడు. నేను చిన్నాయన పొట్ట దగ్గర ఒక కొస పట్టుకోమని చిన్నమ్మకు ఇచ్చి, మెల్లగా కాళ్ళవైపు విప్పడం మొదలుపెట్టాను.

మొదట నల్లటి కాగితం వచ్చింది. దాని మధ్యలో తెల్లటి చార.

"ఇదేనా పాపా ఎముక?" అన్నాడు చిన్నాయన.

"కాదు చిన్నాయనా, ఇది కడ్డీ."

"ఎముక యాడుండాది?"

"వస్తాది, ఉండు."

ఇంకొంచెం విప్పాను. ఎముక రాలేదు, కడ్డీ వస్తూనే ఉంది. ఇంకా విప్పాను. అప్పటికి గానీ ఎముక తల కనిపించలేదు.

"అంటే ఎముక ఈడుంటే, కడ్డీ నా కడుపులో మొదలవుతాదా?"

కింది భాగంలోనైనా పరువు దక్కుతుందేమోనన్న ఆశతో గబగబా విప్పాను. విరిగిన చోటు వచ్చింది. బ్రహ్మాండంగా ఉంది. మోకాలు వచ్చింది. ఎముక అయిపోయింది. కడ్డీ అయిపోలేదు. మోకాలు దాటి, సగం పిక్క దాకా, జెండా కొయ్యలా తిన్నగా పోతూనే ఉంది.

"ఇంకా ఉండాదా?" అన్నాడు చిన్నాయన.

"ఉండాది," అన్నాను, ఏడుపు గొంతుతో.

మస్తాన్ సాబ్ కాగితాన్ని పై నుంచి కింది దాకా చూశాడు. చిన్నాయనను పై నుంచి కింది దాకా చూశాడు.

"అరె ఖుదా! కబాబుకు గుచ్చినట్ల గుచ్చుతాండారు కదప్పా!"

అంతే. చివరి మంచం ముసలాయన "నాకొద్దు, నాకొద్దు" అని అరవడం మొదలుపెట్టాడు. ఆయనది విరుపు కాదు, వట్టి బెణుకు. ఆ మాట చెప్పినా వినేటట్టు లేడు. ఇంకొకాయన చంకకర్రలు తీసుకుని గుమ్మం వైపు నడవసాగాడు. మస్తాన్ సాబ్ తన చేతిని పొట్టకు హత్తుకుని, "నా పట్టీ యాడి నుంచి యాడి దాకా ఏస్తారో!" అని వణికిపోయాడు.

చిన్నమ్మ కాగితం వదిలేసింది. చెంబూ గ్లాసూ సంచిలో పడేసి, "లేయప్పా, పోదాం! జట్కా పిలుస్తా. గోరంట్లకే పోదాం," అంటూ కాలికి కట్టిన తాడు ముడి విప్పబోయింది.

అప్పుడు నాకు నిజంగా భయం వేసింది. ఆ బరువులు తీసేసి, జట్కాలో కుదుపుకుంటూ, బస్సులో గోరంట్ల దాకా పోతే ఆ ఎముక ఏమవుతుందో నాకు తెలుసు. రెండు చేతులతో ముడి పట్టుకుని మంచం కాళ్ళ దగ్గర కూర్చుండిపోయాను.

"చిన్నమ్మా, ముట్టుకోవద్దు. నీ కాళ్ళు మొక్కుతా!"

"జరుగు పాపా! మా మేలు కోరేదానివే అయితే జరుగు!"

ఈ గలాటాకు డాక్టరుగారు వచ్చారు. "ఏమిది? సంతా, ఆస్పత్రా?" అన్నారు. కింద పరచుకుని ఉన్న కాగితం చూశారు. వంగి పై కొస నుంచి కింది కొస దాకా చూశారు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు.

"ఇది ఎవరి కాలమ్మా?"

"మా చిన్నాయనదే సార్."

"కడ్డీ?"

"మీరు చెప్పిందే సార్."

"ఇంత కడ్డీ నేను చెప్పలేదు. ఇది గేటుకు అడ్డం వేసేది."

చిన్నాయన మోచేతుల మీద పైకి లేచాడు. "సార్, మీరు దాచిపెట్టినారు. చిన్న కడ్డీ అని చెప్పి పెద్దది ఎక్కిస్తాండారు. మా పాప మిషను నిజం బయట పెట్టింది. మిషను తప్పు చేయదు. పాపే చెప్పింది, అందరూ విన్యారు!"

"విన్యాం!" అంది వార్డంతా ఏకకంఠంతో.

డాక్టరుగారు నావైపు చూశారు. ఆయనకు ఆ ఊళ్ళో ఎంత మంచి పేరో నాకు తెలుసు. నేను ఇప్పుడు నోరు విప్పకపోతే ఆ పేరుకు కూడా కడ్డీ దిగుతుంది. విప్పితే నా చదువు గంగలో కలుస్తుంది. ఆయన మాత్రం నిదానంగా అడిగారు.

"నేను చెప్పిన పొడవే ఇచ్చినావా?"

"అదే ఇచ్చినాను సార్."

"నీ ప్రోగ్రాము ఏం అడుగుతుంది? పొడవేనా?"

"అవును సార్. కడ్డీ మధ్యలో నుంచి కొస దాకా..." అని ఆగిపోయాను.

మధ్యలో నుంచి కొస దాకా. అంటే సగం పొడవు. సగం అడిగే చోట నేను మొత్తం ఇచ్చాను. అది రెండువైపులా అంతంత సాగి, అటు కడుపులోకి, ఇటు పిక్కలోకి పోయింది. ఆ ప్రోగ్రాము రాసింది ఇంకెవరో కాదు, నేనే. ఆ ప్రశ్న పెట్టింది నేనే. దానికి తప్పు జవాబు ఇచ్చిందీ నేనే. పరీక్ష పేపరు తయారుచేసి, తానే రాసి, తానే ఫెయిలైన లెక్చరరును మీరు ఎక్కడైనా చూశారా?

లేచి నిలబడ్డాను. "చిన్నాయనా, మిషను తప్పు చేయలేదు. డాక్టరుగారూ తప్పు చెప్పలేదు. తప్పు నాది. సగం చెప్పాల్సిన చోట మొత్తం చెప్పినా. కడ్డీ రెండింతలైంది."

మొదట నవ్వింది డాక్టరుగారే. ఎంత నవ్వారంటే మంచం పట్టీ పట్టుకోవాల్సి వచ్చింది. తర్వాత మస్తాన్ సాబ్. చంకకర్రల ఆయన గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగాడు. చిన్నమ్మ మాత్రం సంచి కింద పెట్టలేదు.

"అయితే నిజం కడ్డీ ఎంతుంటాది? చూపించండి సార్," అంది.

డాక్టరుగారు లోపలికి పోయి ఒక కడ్డీ తెచ్చారు. చిన్నాయన చేతికిచ్చారు. బోలుగా, తేలికగా, నున్నగా మెరుస్తున్న కడ్డీ. చిన్నాయన దాన్ని తిప్పి చూశాడు. తొడ పక్కన పెట్టుకుని చూశాడు. తొడలోనే మొదలై తొడలోనే అయిపోయింది. ఆయన మొహంలో రంగు తిరిగి రావడం నాకు కనిపించింది. అంతలోనే నొసలు ముడిపడింది.

"ఇంతేనా?"

"ఇంతేనయ్యా."

"ఇంత పొట్టిదా సార్? ఇది నా బరువు ఆపుతాదా? ఇంకొంచెం పెద్దది లేదా?"

వార్డు మళ్ళీ గొల్లుమంది. "గజం కడ్డీ చూసి గుండె ఆగబోయింది సార్," అన్నాడు చిన్నాయన, తనూ నవ్వుతూ. "దానికే చావలేదు, ఈ పిల్ల కడ్డీకి భయపడతానా? ఏయండి. రేపే ఏయండి."

చిన్నమ్మ సంచిలోంచి చెంబు తీసి బయట పెట్టింది. పెట్టి, నా నెత్తిన ఒక మొట్టికాయ వేసింది. తర్వాత అదే చేత్తో తల నిమిరింది.

నేను ఆ సాయంత్రమే పోయి లెక్క సరిచేసి మళ్ళీ ప్రింటు తీశాను. ఆపరేషన్ బాగా జరిగింది. కొత్త ఫిల్మ్ రాగానే డాక్టరుగారు దాన్నీ నా కాగితాన్నీ కిటికీ అద్దానికి ఆనించి పక్కపక్కన పట్టుకున్నారు. ఎముక, గీత, కడ్డీ, కడ్డీ కొస ఆగిన చోటు, అన్నీ ఒకదాన్నొకటి పోలి ఉన్నాయి. ఆయన రెంటినీ మార్చి మార్చి చూశారు. "ఇది పనికొచ్చే విద్యమ్మా," అన్నారు చివరికి. చెప్పొద్దూ, ఇంజనీరింగు పట్టా అందుకున్న రోజు కూడా నాకు అంత సంతోషం కలగలేదు.

కొన్ని నెలలకు ధర్మవరం పోయి చూస్తే చిన్నాయన గుంటలో కూర్చుని రెండు కాళ్ళతో చెక్కలు తొక్కుతున్నాడు. మగ్గం మీద మామిడిపండు రంగు చీర. నన్ను చూసి మగ్గం ఆపలేదు. "రా పాపా, కూర్చో," అన్నాడు నేస్తూనే. ఆ టకటక వింటూ ఎంతసేపు కూర్చున్నానో నాకే తెలియదు.

అక్కడితో ఆపి ఉంటే నా పరువు కొంతైనా దక్కేది. కానీ డాక్టరుగారు నన్ను పిలిపించారు. "జూనియర్ డాక్టర్లకు నేర్పాలంటే మంచి ఎక్స్‌రేలు ఎన్నైనా దొరుకుతాయి. కడ్డీ తప్పుగా పడితే ఎట్లా ఉంటుందో చూపించేవే దొరకవు. వాటికోసం మనిషి కాలు పాడుచేయలేం కదా. నువ్వు కంప్యూటర్‌లో తప్పు బొమ్మలు చేసివ్వు. కడ్డీ పక్కకు పొడుచుకొచ్చినట్టు ఒకటి, పొట్టిదైనట్టు ఒకటి. నీకు చెయ్యి తిరిగిన పనే కదా!" అన్నారు.

రోషం వచ్చింది. కడ్డీ ఎముకను చీల్చుకుని బయటికి వచ్చేటట్టు శ్రద్ధగా కొత్త కొలతలు తయారుచేశాను. ప్రింటు తీసి, ఈసారి పట్టపగలు వెలుతురులో మొత్తం విప్పి చూసి మరీ తీసుకుపోయాను. పైనా కిందా కడ్డీ ఎక్కడా ఎముక దాటలేదు. అబ్బా, ఎంత చక్కగా వచ్చిందో అనుకున్నాను. ఏం తీసుకుపోతున్నానో మాత్రం మర్చిపోయాను.

డాక్టరుగారు జూనియర్లందరినీ పిలిచి కూర్చోబెట్టి, బొమ్మ గోడకు తగిలించారు. "ఇందులో తప్పెక్కడుందో చెప్పండి," అన్నారు. పిల్లలు చూశారు. దగ్గరికొచ్చి చూశారు, దూరం పోయి చూశారు. ఎవరికీ దొరకలేదు. చివరికి డాక్టరుగారే లేచి వెతికారు.

దొరకదు. నేను కొత్త కొలతలు ఒక ఫైలులో పెట్టి, చిన్నాయన కోసం సరిచేసిన పాత ఫైలు నడిపాను. గోడ మీద ఉన్నది కడ్డీ ఏ లోపమూ లేకుండా పడిన కాలు.

"వసంతా," అన్నారు డాక్టరుగారు కుర్చీలో కూలబడుతూ, "తప్పు చేయమని అడిగితే, అది కూడా తప్పుగానే చేస్తావామ్మా!"

అందుకే ఇంటిల్లిపాది సాక్షిగా, తడిబట్టలతో నిలబడి ప్రమాణం చేశాను: ఇక మీదట ఏ రోగి మంచం దగ్గరికీ కాగితపు చుట్టతో పోను, చీనీకాయలతోనే, మీ భాషలో బత్తాయిలతోనే, పోతాను. అవి కూడా ఒకటి ఒలిచి, లోపల చీనీకాయే ఉందని తేల్చుకున్నాకే.